మైకు పట్టిన దాదాలు
బెంగళూరులో కత్తి వదిలేసిన దాదాకు వేదిక దొరకడం కష్టమేమీ కాదు. అండర్‌వరల్డ్ డాన్ ముత్తప్ప రాయ్‌ని 2002లో దుబాయ్ నుంచి పట్టి తెచ్చారు. 2008కల్లా ఆయన 'జయ కర్ణాటక' సంఘం పెట్టి కన్నడాభిమాన నాయకుడైపోయారు. మన రామ్‌గోపాల్ వర్మ అయితే ఆయన మీద ఏకంగా సినిమానే ప్రకటించారు. నాకు మాత్రం మరో మాజీ దాదా అగ్ని శ్రీధర్ దారే నయమనిపిస్తుంది. 'దాదాగిరియ దినగళు' అనే ఆత్మకథ రాసి, 1986 నాటి దాదా కొత్వాల్ రామచంద్ర హత్యలో తన పాత్రనూ దాచకుండా చెప్పారు. అందులోనూ కాస్త హీరోయిజం ఉంది, కాదనను. కానీ ఎవరు ఎవర్ని ఎందుకు చంపారో ఉంది. మైకు పట్టిన మిగతా దాదాలు 'నేను మారాను, మీరూ మారండి' అంటూ కాలేజీ కుర్రాళ్లతో చప్పట్లు కొట్టించుకునే ప్రసంగాల్లో చచ్చినవాడి పేరే వినపడదు. వాడి ఇంటివాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టి, అదే ప్రసంగం చెయ్యమనండి చూద్దాం.