రెండే రెండు ప్రతులు



ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను రెండు రోజులపాటు ఆలోచనలో పడవేసింది. వ్రాసినది తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి. ఆమెనూ, వాళ్ళమ్మగారినీ అడిగే ఈ సంగతి మీకు చెబుతున్నాను. పేరు మాత్రం చెప్పను.

ఆ అమ్మాయికి కథలు వ్రాయడమంటే ప్రాణం. బడి నుంచి రాగానే వాళ్ళమ్మ ఫోనులో కథ వ్రాసి, పదిమందీ చదివేటట్టు అందులోనే పెడుతుంది. నచ్చినవాళ్ళు ఒక గుండె బొమ్మ నొక్కుతారట. ఎన్ని గుండెలు వచ్చాయో పక్కనే అంకె కనిపిస్తుందట. ఇంతవరకు పదకొండు కథలు పెట్టింది. ఆఖరి కథకు రెండే గుండెలు వచ్చాయి. ఒకటి వాళ్ళమ్మది, రెండోది వాళ్ళ పిన్నిది. ముక్కూ మొహమూ తెలియని పెద్దమనిషి ఎవరో "చిన్నపిల్లల రాత" అని ఒక ముక్క పడేసి పోయాడు. మూడో గుండె వచ్చిందేమో అని ఆ అమ్మాయి రాత్రిళ్ళు లేచి చూసుకుంటున్నది. "మాస్టారూ! నాకు వ్రాయడం రాదంటారా? మానేయమంటారా?" అని అడిగింది.

అమ్మాయీ, నీ ప్రశ్నకు జవాబు చెబుతాను. కాని ముందు ఒక ఇంటి కథ చెప్పాలి. మిగిలిన పిల్లలు కూడా వినండి.

ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతంలో హావర్త్ అనే కొండమీది ఊరు ఉన్నది. ఊరు దాటితే చెట్టూ చేమా లేని బీడుకొండలు, ఎప్పుడు చూసినా ఈదురుగాలి. ఆ ఊరి చర్చిలో పాట్రిక్ బ్రాంటీ అనే ఆయన మతగురువు. ఆయనకు ఆరుగురు పిల్లలు. 1821లో తల్లి పోయింది. 1825లో పెద్దపిల్లలిద్దరూ హాస్టలు బడిలో జబ్బుపడి, ఇంటికి వచ్చి, ఒకరి వెనుక ఒకరు కన్నుమూశారు. ఇక మిగిలినవాళ్ళు నలుగురు: షార్లెట్, బ్రాన్వెల్, ఎమిలీ, ఆన్. అందరిలోకి పెద్దది షార్లెట్. ఆమెకు అప్పుడు తొమ్మిదేళ్ళు.

మరుసటి ఏడు, 1826లో, తండ్రి లీడ్స్ పట్నం వెళ్ళి కొడుకు కోసం ఒక పెట్టెడు కొయ్య సిపాయి బొమ్మలు తెచ్చాడు. పిల్లలు నలుగురూ తలా ఒక సిపాయిని తీసుకుని పేర్లు పెట్టారు. పేరు పెట్టాక ఊరు కావాలి గదా! ఊరు కట్టారు. ఊరికి రాజులు, యుద్ధాలు, కవులు, పత్రికలు అన్నీ వచ్చాయి. ఆ సిపాయిల చేతికి సరిపోయేటట్టు అగ్గిపెట్టెకన్న పెద్దవి కాని పుస్తకాలు కూడా తయారుచేశారు. కాగితం ఖరీదు కనుక ఇంట్లో దొరికిన ముక్కలన్నీ పోగుచేసి, కత్తిరించి, దారంతో కుట్టి, అచ్చు అక్షరాలలాగా చీమతలకాయలంత అక్షరాలతో వ్రాశారు. షార్లెట్ 14వ ఏట, అంటే 1830లో, అటువంటి పత్రిక ఒకటి వ్రాసింది. ఆ గుప్పెడు పుస్తకంలో నాలుగువేలకు పైగా మాటలు ఇరికించింది! ఆ పుస్తకాన్ని 2019లో పారిస్‌లో వేలం వేస్తే, బ్రాంటీల ఇంట్లోనే నడుస్తున్న మ్యూజియంవారు చందాలు పోగుచేసి ఆరు లక్షల యూరోలకు పాడి హావర్త్‌కు తిరిగి తెచ్చుకున్నారు.

ఆ పిల్లలు వ్రాసేనాటికి దానికి పాఠకులు ఎంతమంది అంటారు? ముగ్గురు. ఒకరు వ్రాస్తే మిగిలిన ముగ్గురు చదివేవారు. ఆ ముగ్గురి కోసమే ఏళ్ళ తరబడి వ్రాశారు.

షార్లెట్ పెద్దదై ఒక బడిలో పంతులమ్మగా చేరింది. ఇరవై ఏళ్ళ వయసులో, 1836 డిసెంబరులో, ధైర్యం చేసి తన పద్యాలు కొన్ని ఆ దేశపు ఆస్థానకవి రాబర్ట్ సదీకి పంపింది. ఆయన మూడు నెలలకు జవాబు వ్రాశాడు. నీకు పద్యం అల్లే శక్తి ఉన్నది. కాని సాహిత్యం ఆడవాళ్ళు బ్రతుకుతెరువుగా పెట్టుకోవలసిన పని కాదు, పెట్టుకోరాదు అని దాని సారాంశం. ఆమె ఆ ఉత్తరాన్ని చింపివేయలేదు. మర్యాదగా జవాబు వ్రాసి, ఎప్పటికీ దాచుకోవలసిన సలహా అని పైన గుర్తు వేసి దాచుకున్నది. సలహాను దాచుకున్నది గాని వ్రాయడం మానలేదు!

తొమ్మిదేళ్ళు గడిచాయి. 1846లో అక్కచెల్లెళ్ళు ముగ్గురూ తమ పద్యాలన్నీ కలిపి, చనిపోయిన పెద్దమ్మ ఇచ్చిపోయిన డబ్బులో నుంచి సొంత ఖర్చుతో పుస్తకం వేయించారు. ఆడవాళ్ళ పుస్తకమంటే చులకనగా చూస్తారేమో అని కరర్ బెల్, ఎల్లిస్ బెల్, ఆక్టన్ బెల్ అని మారుపేర్లు పెట్టుకున్నారు. ఏడాది తిరిగేసరికి అమ్ముడుపోయిన ప్రతులు ఎన్నో తెలుసునా?

రెండు. రెండే రెండు.

అమ్మాయీ! చూశావా, నీ అంకే వాళ్ళ అంకె. నీకు ఆ రెండూ అమ్మా, పిన్నీ ఇచ్చినవి. వాళ్ళు సొంత డబ్బు పోసి తెచ్చుకున్నవి.

అప్పుడు వాళ్ళు ఏంచేశారు? మిగిలిన ప్రతులలో కొన్నింటిని టెన్నిసన్ వంటి పేరుమోసిన కవులకూ రచయితలకూ ఊరికే పంపి, ఇంతవరకు రెండే అమ్ముడుపోయాయని ఆ ఉత్తరంలోనే దాపరికం లేకుండా చెప్పారు. ఆ సరికే ముగ్గురూ నవలలు వ్రాసి ఉన్నారు. షార్లెట్ వ్రాసిన నవలను వరుసగా ఒక్కొక్క ప్రచురణకర్త తిప్పి పంపుతున్నాడు. ఆమె పొట్లం మీది పాత చిరునామా కొట్టివేసి, కొత్తది వ్రాసి, అదే కాగితంలో చుట్టి మరొకరికి పంపేది. చివరకు ఒక సంస్థవారు ఆ నవల వద్దంటూనే, అందులో బాగున్నదేమిటో, లోటేమిటో విడమరిచి, మరొక పెద్ద నవల ఉంటే శ్రద్ధగా చూస్తామని రెండు పేజీల ఉత్తరం వ్రాశారు. ఆ నిరాకరణ ఆమెకు కొండంత బలం ఇచ్చింది. 1847 ఆగస్టులో "జేన్ ఐర్" వ్రాతప్రతి పంపింది. ఆ సంస్థ యజమాని ఒక ఆదివారం పొద్దున చదవడం మొదలుపెట్టి, భోజనానికి కూడా సరిగా లేవక, రాత్రి పడుకోబోయేలోగా పూర్తిచేశాడు. అక్టోబరులో పుస్తకం వచ్చింది. అది నేటికీ లోకమంతా చదువుతూనే ఉన్నది. అదే ఏడు డిసెంబరులో ఎమిలీ, ఆన్‌ల నవలలు కూడా వెలువడ్డాయి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను పంతులుగా చేరిన కొత్తలో ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు, పాత బిల్లుల వెనుక వ్రాసిన కథ తెచ్చి నా చేతిలో పెట్టాడు. వాళ్ళింటి దూడ తప్పిపోయిన కథ. నేను ఎర్రసిరా కలం తీసి అక్షర దోషాలన్నీ చుట్టి, "ఇరవైమూడు తప్పులు" అని పైన వేసి ఇచ్చేశాను. దూడ దొరికిందా అని అడగలేదు. అసలు కథ గురించి ఒక్క మాట అనలేదు. ఆ పిల్లవాడు మళ్ళీ కథ తేలేదు. నేను పదవీ విరమణ చేసే రోజున నాకు గుర్తుకు వచ్చినవాళ్ళలో వాడు ఒకడు. దూడ దొరికిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

ఆస్థానకవి ఉత్తరం, నా ఎర్రసిరా, ఆ పెద్దమనిషి పడేసిన ముక్క — మూడూ ఒక జాతివే. రెండు పేజీల నిరాకరణ మాత్రం వేరే జాతిది. అది ఆమె వ్రాసినదాన్ని చదివి వ్రాసిన ఉత్తరం. గుండెల అంకె నీ కథ నచ్చి ఎందరు గుండె నొక్కారో చెబుతుంది. నీ కథలో ఎక్కడ బాగున్నదో, ఎక్కడ కుంటుతున్నదో చెప్పలేదు. చెప్పలేనిదాన్ని పట్టుకుని రాత్రంతా అడిగితే ఏం లాభం?

ఇక కథ సంగతి. ఆ అమ్మాయి ఉత్తరంతోపాటు ఒక కథ కూడా పంపింది. అందులో న్యూయార్క్ నగరంలో ఒక డిటెక్టివు, నూరంతస్తుల మేడ, వజ్రాల దొంగతనం ఉన్నాయి. చదివాను. భాష శుభ్రంగా ఉన్నది. కాని నాకు కథకన్న ఉత్తరంలోని ఒక వాక్యం నచ్చింది. "కరెంటు పోయినా మా నాయనమ్మ చీకట్లోనే బియ్యం ఏరుతుంది, రాయి చేతికి తెలుస్తుందట" అని వ్రాసింది. న్యూయార్క్ మేడ నాకు కనబడలేదు గాని, ఆ చేట నాకు కనబడింది.

షార్లెట్ కూడా చిన్నప్పుడు డ్యూకుల కథలూ, చూడని దేశాల కథలూ వ్రాసింది. అందులో తప్పులేదు, ఆమె చెయ్యి తిరిగింది అక్కడే. కాని "జేన్ ఐర్"లో కథానాయిక అందగత్తె కాదు, డబ్బున్నది కాదు. చిన్న ఆకారం గల పంతులమ్మ. అందులోని బడి, తన అక్కలు జబ్బుపడిన బడి. అందులో చనిపోయే స్నేహితురాలు తన పెద్దక్క. తనకు తెలిసినదాని దగ్గరకు తిరిగి వచ్చాకనే లోకం ఆమె మాట విన్నది.

నాకు తెలిసిన నాలుగు సూత్రాలు చెబుతాను. కథలు వ్రాసే పిల్లలందరూ నోటు పుస్తకంలో వ్రాసుకోండి.

ఒకటి: మీ కథలో మనిషికి ఏదో ఒకటి కావాలి. దానికి ఏదో అడ్డురావాలి. పిల్లవాడికి విహారయాత్రకు వెళ్ళాలని ఉన్నది, నాన్న దగ్గర డబ్బు లేదు. ఇంతే చాలు, కథ నడుస్తుంది. వజ్రాలు అక్కరలేదు.

రెండు: "రాముకు కోపం వచ్చింది" అని మీరు చెప్పకండి. "రాము కంచం ముందుకు తోసి లేచిపోయాడు" అనండి. కోపమని మేమే గ్రహిస్తాం. పాఠకుడికి కూడా కాస్త పని మిగల్చాలి.

మూడు: మనుషులను వాళ్ళ మాటలే మాట్లాడనివ్వండి. మీ నాయనమ్మ శ్రీకాకుళంలో ఒకలాగా, కడపలో ఒకలాగా, కరీంనగర్‌లో ఒకలాగా మాట్లాడుతుంది. ఆమె నోట పాఠ్యపుస్తకం పెట్టకండి.

నాలుగు: వ్రాసిన కథను వారం రోజులు పెట్టెలో పెట్టి, తరువాత పైకి చదవండి. ఎక్కడ నాలుక తడబడితే అక్కడ దిద్దండి. గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చయిన "కన్యాశుల్కం" నాటకాన్ని అంతటితో వదిలిపెట్టక, ఎంతో పెంచి, మార్చి, తిరగవ్రాసి 1909లో మళ్ళీ అచ్చువేయించారు. ఈనాడు మనం చదివి నవ్వుకునేది ఆ తిరగవ్రాసిన నాటకాన్నే. గురజాడవారికి తప్పని దిద్దుబాటు మనకు తప్పుతుందా?

దిద్దిన తరువాత ఎవరికి చూపించాలి? బ్రాంటీ అక్కచెల్లెళ్ళు రాత్రిపూట భోజనాల బల్ల చుట్టూ తిరుగుతూ, వ్రాసినది ఒకరికొకరు చదివి వినిపించుకుని వాదించుకునేవారు. మీకూ అటువంటి ఇద్దరిని వెతుక్కోండి. "బాగుంది" అని ఊరుకునేవాళ్ళు కాదు, "ఇక్కడ నాకు అర్థం కాలేదు" అనగలిగేవాళ్ళు కావాలి. ఆ తరువాత ఫోనులో పెట్టుకుంటే పెట్టుకోండి. పెట్టాక వారానికి ఒక్కసారి, పగటిపూట, అమ్మ పక్కన కూర్చుని చూడండి. మీ ఊరు, బడి పేరు, ఫోటో తెలియనివాళ్ళకు ఇవ్వకండి. ఎవరైనా చాటుగా మాట్లాడదాం రమ్మంటే, ఆ క్షణమే పెద్దలకు చెప్పండి. రాత్రి పడుకునే ముందు ఫోను వంటింట్లో పెట్టండి. మూడో గుండె వస్తే తెల్లవారేదాకా ఆగుతుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు కథ తెచ్చి చూపితే "ముందు లెక్కలు చూసుకో" అనకండి. తప్పులు తరువాత దిద్దవచ్చు. ముందు "తరువాత ఏమైంది?" అని అడగండి. నేను అడగని ప్రశ్న అదే.

ఇక అమ్మాయీ, నీ ప్రశ్నకు జవాబు. వ్రాయడం నీకు ఇంకా పూర్తిగా రాదు. పదునాలుగేళ్ళకు ఎవరికీ పూర్తిగా రాదు. కాని చీకట్లో బియ్యం ఏరే చేతిని చూడడం నీకు వచ్చు. అది నేర్పితే వచ్చేది కాదు. మానవద్దు.

పిల్లలందరికీ ఈ నెల పని: మీ ఇంట్లో ఎవరైనా చేతులతో ఏదైనా పని చేస్తుండగా పది నిమిషాలు చూసి, పది వాక్యాలు వ్రాయండి. "మంచి", "అందమైన" అనే మాటలు వాడరాదు. నాకు పంపండి. మార్కులు వేయను, తప్పులు లెక్కపెట్టను. చదివి, నాకు కనబడినదేమిటో, కనబడనిదేమిటో వ్రాస్తాను.

ఆ నాయనమ్మ కథ కోసం మరీ ఎదురుచూస్తూ ఉంటాను.

మీ మాస్టారు