పాముగారి మలబద్ధకం

పాముకి కూడా మలబద్ధకం వస్తుందా అని మీరు నవ్వితే నవ్వండి. 2024 జూలై దాకా నేనూ నవ్వేదాన్నే. ఆ నెలలో, నార్త్ కరోలినాలో మా అమ్మాయి ఇంట, రెండున్నర మూరల పాము ఒకటి దొడ్డికి వెళ్లలేదని నేను మూడు రాత్రులు కంటిమీద కునుకు లేకుండా గడిపాను. చెప్పొద్దూ, ఆ పాపంలో నా వాటా కూడా ఉంది. అందుకే ఈ వారం మీ ఉత్తరాలను కాస్త పక్కన పెట్టి ఈ సంగతి రాస్తున్నాను. మీలోనూ ఇలాంటి మనవలున్న అమ్మమ్మలు ఒకరిద్దరు లేకపోరు.

మన దేశంలో ఈ బెడద లేదు. నాగుపామునో, జెర్రిపోతునో, కొండచిలువనో పట్టి తెచ్చి ఇంట్లో పెంచుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఊరుకోదు. అక్కడ అలా కాదు. కుక్కపిల్లను కొనుక్కున్నట్టే పాముపిల్లనూ కొనుక్కుంటారు. మా మనవడి దగ్గరున్నది కార్న్ స్నేక్. అమెరికాలో ఆగ్నేయపు రాష్ట్రాల్లో తిరిగే విషం లేని జాతి. మొక్కజొన్న గాదెల్లో ఎలుకలకోసం చేరుతుంది గనక ఆ పేరు వచ్చిందని కొందరంటారు. పొట్టకింద నలుపూ తెలుపూ గళ్లు అక్కడి రంగురంగుల కంకుల్లా ఉంటాయి గనక వచ్చిందని మరికొందరు. ఏదైతేనేం, నారింజ రంగు మీద ఎర్రటి మచ్చలతో, నిజం ఒప్పుకోవాలి కదా, అందమైన జీవమే. వాడు దానికి పాప్‌కార్న్ అని పేరు పెట్టాడు. నేను పేలాలయ్య అనేదాన్ని. దూరంనుంచే సుమండీ! యాభై ఏళ్లుగా నాగులచవితికి పుట్టలో పాలు పోస్తున్న దాన్నే అయినా, పాముతో ఒకే కప్పుకింద పడుకోవడం వేరు కదండీ.

మావాడికి పన్నెండేళ్లు. చదువులో అంత శ్రద్ధ ఉందో లేదో గాని పాము విషయంలో మాత్రం పెద్ద గుమాస్తా. ఒక పుస్తకం పెట్టాడు. ఏ రోజు తిండి పెట్టాడు, ఏ రోజు కుబుసం విడిచింది, ఏ రోజు దొడ్డికి వెళ్లింది, అన్నీ తేదీలతో రాస్తాడు. పది రోజులకో ఎలుక దాని భోజనం. అవి గడ్డకట్టించి అమ్ముతారు. వాటికోసం గరాజులో విడిగా చిన్న ఫ్రిజ్ ఉంది. మా అమ్మాయి నన్ను ఆ ఫ్రిజ్ వైపు వెళ్లనివ్వలేదు. నేను వెళ్తానని అననూ లేదు.

జూలైలో వాడు రెండు వారాలు బడివాళ్ల శిబిరానికి వెళ్లాడు. వెళ్లే ముందు రోజు పాముకి ఎలుకను తినిపించి, "అమ్మమ్మా, నువ్వు నీళ్లు మారిస్తే చాలు. ఇంకేమీ వద్దు" అన్నాడు. నేను నీళ్లు శ్రద్ధగానే మార్చాను. "ఇంకేమీ వద్దు" అన్న ముక్క మాత్రం మరిచిపోయాను.

అక్కడి గోడ ప్లగ్గులకు మన ఇళ్లలోలాగ స్విచ్చిలుండవు. వాడి గదిలో నేలమీద ఒక పొడుగాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంది. దానికో ఎర్రదీపం. బల్లదీపం, ఆటల పెట్టె, ఇంకా ఏవేవో తీగలు అన్నీ దానికే. పిల్లాడు లేని గదిలో రాత్రింబవళ్లు ఆ దీపం వెలుగుతూంటే నాకు ప్రాణం ఉసూరుమంది. కరెంటు దండగ అనుకుని నాలుగో రోజున టపీమని ఆర్పేశాను. ఇల్లాలికి అది అలవాటైన పని కదా. వాడు వచ్చే రోజు పొద్దున గది ఊడ్చి, ఎప్పటిలా ఉండాలని మళ్లీ వేశాను.

వచ్చీ రాగానే వాడడిగిన మొదటి మాట, "అమ్మమ్మా, పాప్‌కార్న్ దొడ్డికెళ్లిందా?" అని. లేదురా అన్నాను. వాడు పుస్తకం తీశాడు. మామూలుగా తిన్న నాలుగైదు రోజులకు, మహా అయితే వారానికి అయిపోయే పని. ఈసారి పదిహేను రోజులైంది. పామును చేతిలోకి తీసుకుని చూస్తే తోకకు కొంచెం ముందు, ఒంటికి రెండు వైపులా ఉబ్బి గట్టిగా తగులుతోంది. తోకెత్తి ముక్కుతోంది గాని ఏమీ రావడం లేదు. వాడు వేడి చూశాడు, నీళ్లు చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "నేను పెద్ద ఎలుకను పెట్టానమ్మా, నాదే తప్పు" అని వాళ్లమ్మ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

అప్పుడు మా అమ్మాయి వాణ్ని ఓదారుస్తూ, "పెట్టె కింద వేడి పరుపు ఉందిగా, అదే అరిగిస్తుందిలే" అంది. నా గుండె గతుక్కుమంది. ఆ వేడి పరుపు తీగ ఏ బోర్డుకి పోతుందో ఆ క్షణాన కళ్లకు కట్టింది.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. పిల్లాడు ఏడుస్తున్నాడని ఒకటి, కూతురి ఎదుట చిన్నతనమని ఒకటి, తెల్లారేసరికి అదే సర్దుకుంటుందిలే అని ఇంకొకటి. దానికి బదులు వైద్యం చెప్పాను! "ఓ చుక్క ఆముదం పట్టండి. మీ అమ్మకు చిన్నప్పుడు నెలకోసారి పట్టేదాన్ని" అన్నాను. మా అల్లుడి స్నేహితుడొకాయన ఫోనులో, ఆలివ్ నూనె పోసి వేలితో తోకవైపు నెమ్మదిగా నొక్కండి అన్నాడట. మావాడు రెండింటికీ ఒప్పుకోలేదు. వాడి మొండితనమే ఆ పామును కాపాడింది.

మర్నాడు పాముల వైద్యం తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టర్లందరూ వీటిని చూడరు. ఆవిడ పామును బల్లమీద పెట్టి, మెడనుంచి తోకదాకా వేళ్లతో తడుముతూ వరసగా ప్రశ్నలు వేసింది. చివర ఎప్పుడు తిన్నది, ఎలుక దాని ఒంటి లావుకన్నా పెద్దదా, కింద పరిచింది ఏమిటి, తిండితోపాటు ఆ చెక్కపొట్టు మింగిందా, కుబుసం పూర్తిగా ఊడిందా. మావాడు పుస్తకం తెరిచి అన్నింటికీ జవాబు చెప్పాడు. మగపామే అన్నాడు. ఆడదైతే కడుపులో గుడ్లు అడ్డుపడ్డాయేమో చూడాలట.

"ఈ పదిహేను రోజుల్లో వేడి ఎప్పుడైనా ఆగిందా?" అంది.

"లేదు" అన్నాడు వాడు, నమ్మకంగా.

ఆవిడ మొహం కొంచెం ముడుచుకుంది. వేడి సరిగ్గా ఉండి, నీళ్లుండి, మామూలు ఎలుకే తిని ఇలా అయితే లోపల పురుగులున్నాయో, గడ్డ ఏదైనా ఉందో చూడాలి, మత్తు కూడా ఇవ్వాల్సి రావచ్చు అంది. ఇక నావల్ల కాలేదు. నా ఇంగ్లీషు సంగతి మీకు తెలుసు. "స్విచ్చి... నేను... పదకొండు రోజులు" అని వేళ్లతో చూపించాను. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ మాత్రం, "చెప్పి మంచి పని చేశారు" అని కాగితం మీద ఏదో కొట్టేసి ఇంకేదో రాసుకుంది.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత మీకు చెబుతాను. పాముకి మనలాగ ఒంట్లో వేడి పుట్టదు. బయట వేడి ఎంతో, దాని కడుపులో పొయ్యి అంత. ఈ జాతికి పెట్టెలో ఒకవైపు సుమారు 30 డిగ్రీల సెంటిగ్రేడు, రెండోవైపు 24 దాకా ఉండాలి. అది ఎటు కావాలంటే అటు జరుగుతుంది. మా అమ్మాయి ఇంట్లో వేసవంతా ఏసీ 22 మీద ఉంటుంది. పరుపు ఆగితే ఆ చలిలో అరుగుదల మందగిస్తుంది, పేగు కదలిక తగ్గుతుంది, ఉన్న తడి ఇంకిపోయి మలం రాయిలా బిగుస్తుంది. ఇంకా నయం, తిన్నది కడుపులోనే కుళ్లి కక్కుకోలేదు అంది.

నేను ఆముదం సంగతి అడిగేశాను, ఎలాగూ పరువు పోయింది గనక. ఆవిడ పాము నోరు తెరిచి చూపించింది. ఊపిరిగొట్టం ద్వారం నోటి అడుగున ముందువైపే ఉంది, చిన్న గొట్టంలా. నూనె పోస్తే అందులోకి జారి ఊపిరితిత్తికి పోయే ప్రమాదం ఉంది. ఇక వేలితో నొక్కితే పేగు చిట్లవచ్చట.

ఎక్స్‌రేలో గట్టిపడ్డ ముద్ద తెల్లగా కనిపించింది. చర్మం కింద నీటి ఇంజక్షన్ ఇచ్చి, మూడు రోజులు గోరువెచ్చటి నీళ్లలో కూర్చోబెట్టండి, అప్పటికీ రాకపోతే ఇక్కడే ఎనిమా ఇస్తాను, అదీ కాకపోతే ఆపరేషన్ అంది. దొడ్డికి వెళ్లేదాకా తిండి మాత్రం ముట్టించవద్దంది. పాతదే కదలకపోతే వెనకనుంచి కొత్తది తోస్తే ఏమవుతుందో మనకు తెలియనిదా!

అన్నట్టు, ఎన్నాళ్లయితే మలబద్ధకం అనాలి అని ఆవిణ్ని అడిగాను. అన్ని పాములకూ ఒకే లెక్క లేదట. కొండచిలువలకు తిన్న తరవాత వారాలు పట్టినా వింత కాదు. ఆఫ్రికాలో గబూన్ వైపర్ అనే లావుపాటి విషప్పాము నెలల తరబడి ఆపుకుంటుందట. అందుచేత రోజుల్ని కాదు, ఆ పాముకి ఉన్న అలవాటును చూడాలి. అలవాటు తప్పి, దానికి తోడు తోకముందు వాపు, ముక్కడం, తిండి మానడం, నీరసం ఉంటే ఆగకుండా డాక్టరు దగ్గరికి పోవాలి. మావాడి పుస్తకం విలువ అప్పుడు తెలిసింది నాకు.

కారులో వాడు నాతో మాట్లాడలేదు. ఇల్లు దగ్గర పడుతూండగా మెల్లిగా అడిగాడు: "అమ్మమ్మా, నీకు పాములంటే భయం కదా. కావాలని ఆర్పలేదు కదా?"

పన్నెండేళ్లవాడు. వాడికి ఆ అనుమానం రావడంలో తప్పేముంది? వచ్చిన దగ్గర్నుంచీ నేనన్న మాటలు అలాంటివి. "లేదురా నాన్నా. కరెంటు దండగ అనుకున్నాను. నిన్న తెలిసి కూడా చెప్పకపోవడం మాత్రం నా తప్పే" అన్నాను. వాడు కాసేపు కిటికీలోంచి చూసి, "అయితే స్నానం నువ్వు చేయించు" అన్నాడు.

శిక్ష అనుకోండి, క్షమాపణ అనుకోండి. ఒప్పుకున్నాను.

మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, మూతకు గాలికోసం చిల్లులు. నీళ్లు 30 డిగ్రీలకు మించకూడదు. మన పసిపిల్లలకు పోసే నీళ్లకంటే చల్లన అన్నమాట. లోతు పాము ఒంటి ఎత్తుకు మించకూడదు, తల ఆనించుకుని హాయిగా ఉండాలి. ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ పక్కనుంచి లేవకూడదు, నీరు చల్లారితే మార్చాలి. మొదటి రోజు వాడే నా రెండు చేతుల్లో పెట్టాడు. జిగటగా ఉంటుందనుకున్నాను. నున్నగా, పొడిగా, పట్టుచీర మడతలా ఉంది. నా ముంజేతి చుట్టూ చుట్టుకుంది. డబ్బాలో వదిలితే అటూ ఇటూ తిరిగి, తల వంచి గుటకలు వేస్తూ నీళ్లు తాగింది. పాలు పోయనా అని నేను నోరు జారలేదు. పాముకి పాలు తిండి కాదని అప్పటికే డాక్టరమ్మ చెప్పింది.

మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు కొంచెం తెల్లగా సున్నంలాంటిది వచ్చింది. అది వాటి మూత్రమట. పాములు మనలాగ నీళ్లగా పోయవు, ముద్దగా విడుస్తాయి. రెండింటికీ దారి ఒకటే. మావాడికి కాస్త ఆశ పుట్టింది గాని, వాపు అలాగే ఉంది. ఆ రాత్రి రెండుసార్లు లేచి వెళ్లి బోర్డు మీద ఎర్రదీపం వెలుగుతోందా అని చూసి వచ్చాను. వెలుగుతున్న దీపాన్ని చూసి సంతోషించడం నా జన్మలో అదే మొదలు.

మూడో రోజు నీళ్లలో పెట్టిన పదినిమిషాలకు తోకెత్తింది. ఆ తరవాతి సంగతి భోజనాల వేళ చదివేవాళ్లుంటారని వివరంగా రాయను. వాసన మాత్రం మేడమీదనుంచి వంటింటి దాకా వచ్చింది. "వెళ్లింది, వెళ్లింది!" అని నేను వేసిన కేకకు ఆఫీసు పని వదిలి మా అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. మావాడు పుస్తకంలో తేదీ వేసి, దాని పక్కన నాచేత సంతకం పెట్టించాడు. వారం ఆగి, ఈసారి చిన్న ఎలుకను పెట్టాడు. అది అయిదో రోజున లెక్క తేల్చింది.

ఇప్పుడు నేను కాకినాడలో ఉన్నాను. ప్రతి ఆదివారం వాడు ఫోను చేసి నా మోకాళ్ల సంగతి అడుగుతాడు, పేలాలయ్య సంగతి చెబుతాడు. మొన్న పెట్టె చూపిస్తూంటే కింద బోర్డు కూడా కనిపించింది. నేను బయలుదేరే ముందు వాడు స్విచ్చి మీద అంటించిన కాగితం ఇంకా అలాగే ఉంది. తెలుగులో వాడు సొంతంగా రాసిన మొట్టమొదటి వాక్యం అది: "అమమ్మా వదు." రెండు ఒత్తులు తక్కువ. దిద్దమని నేను చెప్పలేదు.