ఉచిత విహారం పేరిట విసిరే వల



రాయ్‌పూర్ వ్యాగన్ మరమ్మతు కర్మాగారంలోనూ, తపాలా కార్యాలయాలలోనూ పనిచేస్తూ బీర్‌గావ్‌లో కాపురముంటున్న మన సభ్యులకు ఇటీవల ఒక విధమైన ఫోన్ పిలుపులు వస్తున్నవి. "మీ పేరు లాటరీలో వచ్చింది. మూడు పగళ్ళు, రెండు రాత్రుల విహారయాత్ర ఉచితం. దంపతులిద్దరూ ఫలానా హోటలుకు వచ్చి కూపను అందుకొనండి" అన్నది వాటి సారాంశం. ఈ ఔదార్యం వెనుక దాగిన వ్యాపారాన్ని సభ్యుల ముందుంచడం మా విధి.

అక్కడ అమ్మేది టైమ్‌షేర్. ఒకే గదిని ఏడాదికి కొన్ని రోజుల చొప్పున అనేకమందికి పది, ఇరవై ఐదేళ్ళ కాలానికి అమ్మే పద్ధతి ఇది. కూపను ఎర మాత్రమే. గంటన్నర అని పిలిచి మూడు గంటలు కూర్చుండబెడతారు. "ఈ ధర ఈ రోజుకే" అంటారు. ఇంటికి వెళ్ళి ఆలోచించుకుంటామంటే పై అధికారి వచ్చి మరికొంత తగ్గిస్తాడు. దంపతులిద్దరినీ రమ్మనడంలోని ఆంతర్యం కూడా ఇదే. ఇంట్లో అడిగి చెబుతామనే మాటకు అవకాశమే లేకుండా చేయడం.

మా సభ్యుడొకరు పదోన్నతి బకాయిల సొమ్మును అటువంటి హాలులోనే మొదటి వాయిదాగా చెల్లించినారు. ఉచిత యాత్రకై మూడుసార్లు దరఖాస్తు చేసినా గది ఖాళీ లేదన్నారు. పండుగ రోజులు, వేసవి సెలవులు వర్తించవన్నారు. రైలు ఛార్జీలు, భోజనం, పన్నులు ఆయనవేనన్నారు. బ్యాంకు వాయిదా మాత్రం ఏ నెలా ఆగలేదు. ఎందుకనగా అప్పు ఇచ్చినది బ్యాంకు, గది ఇవ్వనిది కంపెనీ.

లెక్క వేసి చూడండి. రెండు లక్షలు చెల్లించి ఇరవై ఐదేళ్ళపాటు ఏటా ఆరు రాత్రుల బస కొన్నారనుకుందాం. ఏటా నిర్వహణ రుసుము పన్నెండు వేలు అనుకుంటే అదే మూడు లక్షలవుతుంది. మొత్తం ఐదు లక్షలకు దక్కేది 150 రాత్రులు. అనగా రాత్రికి 3,333 రూపాయలు. అప్పుపై వడ్డీ ఇందులో చేరలేదు. రుసుము ఏటా పెరగదని హామీ లేదు. వెళ్ళని ఏడు కూడా రుసుము కట్టవలసినదే. అమ్ముకొందామంటే కొనేవాడు దొరకడు.

"అత్యాశకు పోయినవాడిది తప్పు, సంఘానికేమి సంబంధం?" అని కొందరంటున్నారు. ఈ వాదనను మేము అంగీకరించము. నెలనెలా జీతం తప్పక వచ్చే ఉద్యోగి కనుకనే, వాయిదా తప్పించుకోలేడు కనుకనే అతనిని వెదకి పిలుస్తున్నారు. ఇది వ్యక్తి బలహీనత కాదు, వేతనంపై గురిపెట్టిన వ్యాపారం. దీని విస్తృతి ఎంతటిదో పాన్‌కార్డ్ క్లబ్స్ ఉదంతం చాటుతున్నది. హోటలు బసల పేరిట సుమారు 51 లక్షల మంది నుండి వసూలు చేసిన 7,035 కోట్ల రూపాయలను తిరిగి చెల్లించవలెనని 2016 ఫిబ్రవరిలో సెబీ ఆ సంస్థను ఆదేశించింది.

ఐరోపా దేశాలలో 2008 నాటి ఆదేశం ప్రకారం టైమ్‌షేర్ కొన్నవారు 14 రోజులలోగా కారణం చెప్పకుండానే రద్దు చేసుకొనవచ్చును. ఆ గడువులో పైసా వసూలు చేయరాదు. మన దేశంలో టైమ్‌షేర్‌కు అటువంటి ప్రత్యేక చట్టం లేదు. ఈ రక్షణ ఇక్కడా కల్పించవలెనని మేము డిమాండు చేస్తున్నాము.

అంతవరకు సభ్యులు కొన్ని జాగ్రత్తలు పాటించవలెను. హాలులో సంతకం చేయవద్దు, కార్డు ఇవ్వవద్దు. ఒప్పందం ప్రతిని ఇంటికి తెచ్చి చదవండి. రద్దు గడువు, నిర్వహణ రుసుము, గది దొరకని ఏటి సంగతి అందులో ఉన్నవో లేవో చూడండి. నోటిమాటగా చెప్పినది కాగితంపై లేకుంటే అది లేనట్లే.

ఇప్పటికే మోసపోయినవారు నిరాశ చెందనవసరం లేదు. వెల కలిపి వసూలు చేస్తూ ఉచితమని భ్రమింపజేయడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. కంపెనీ ఏ నగరంలో ఉన్నా, బీర్‌గావ్ నివాసి రాయ్‌పూర్ జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము ఐదు లక్షలు మించనిచో రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్ళు. తొలి సలహాకు 1915 నంబరు ఉన్నది.

చివరిగా ఒక మాట. కార్మికునికి విశ్రాంతి ఎవరో ఇచ్చే బహుమతి కాదు. వేతనంతో కూడిన సెలవు, రైల్వే పాసు, సెలవు ప్రయాణ రాయితీ మన హక్కులు. మన రైల్వే, తపాలా శాఖల హాలిడే హోమ్‌లలో గదులు పెంచవలెను, మరమ్మతులు చేయించవలెను, కేటాయింపులో క్రింది స్థాయి ఉద్యోగికి న్యాయం జరగవలెను. ఆ హక్కులకై పోరాడుదాం. బహుమతుల వలలో పడకుందాం. ప్రతి శాఖా ఈ విషయాన్ని తదుపరి సర్వసభ్య సమావేశంలో చర్చించవలసిందిగా కోరుతున్నాము.