అక్బరీ అంటే ఇష్టపడే పిల్లలు

పాత నవలలు నేటి పిల్లలకు రుచించవని పెద్దలమే ముందుగా తీర్మానించుకుంటాము. ఎప్పుడైనా ఒకటి చేతికిచ్చినా, ‘ఇందులో మంచి నీతి ఉంది, చదువు’ అంటూ ఇస్తాము. ఆ ఒక్క మాటతో సగం ఉత్సాహం చల్లారిపోతుంది.

డిప్యూటీ నజీర్ అహ్మద్ గారి ‘మిరాతుల్ ఉరూస్’ సంగతే చూడండి. ‘వధువు అద్దం’ అని ఆ పేరుకు అర్థం. 1869లో వెలువడిన ఈ గ్రంథాన్ని ఉర్దూలో తొలి నవలగా పలువురు పరిగణిస్తారు. తన ఇంటి ఆడపిల్లల చదువు కోసం ఆయన దీనిని రచించారు. ఆనాటి వాయవ్య రాష్ట్రాల ప్రభుత్వం దీనికి 1000 రూపాయల బహుమతి ఇచ్చింది. రచయిత తరువాతి కాలంలో మన హైదరాబాదు సంస్థానంలో ఉన్నతోద్యోగం చేసినవారే. ఇంతటి కీర్తి గల పుస్తకం కనుక, అది పిల్లలకు విసుగు పుట్టించే ఉపదేశమని అనుకోవడం సులువు.

కథలోకి దిగితే వేరే సంగతి. ఢిల్లీలో అక్కాచెల్లెళ్లు ఇద్దరు. పెద్దది అక్బరీ, అమ్మమ్మ గారాబంలో పెరిగిన పెంకి పిల్ల. పెళ్లయ్యాక అత్తగారితో పొసగక, మొండిపట్టు పట్టి వేరు కాపురం పెట్టిస్తుంది. అక్కడికి హజ్ చేసి వచ్చానని చెప్పుకొనే ఒక మాయలాడి చేరుతుంది. పుణ్యస్థలాల నుండి తెచ్చానంటూ వస్తువులు చూపి, కారుచౌకగా అమ్మి, తీయని మాటలతో నమ్మకం సంపాదించి, చివరకు అక్బరీ నగలన్నిటితో మాయమవుతుంది. ఈ ఘట్టాన్ని గట్టిగా చదివి వినిపిస్తే పదేళ్ల పిల్లలు ఊపిరి బిగబట్టి వింటారు. ‘వద్దు, ఇవ్వొద్దు!’ అని అక్బరీని హెచ్చరించే గొంతులు మా ఇంట్లో నేను విన్నాను.

చెల్లెలు అస్గరీ సుగుణవతి. అత్తవారింటి పనిమనిషి అజ్మత్ ఏళ్ల తరబడి సరుకుల లెక్కల్లో చేస్తున్న మోసాన్ని ఓపికగా కనిపెట్టి, మామగారు ఇంటికి వచ్చినప్పుడు బట్టబయలు చేయిస్తుంది. పనిమనిషిని ఆ పుస్తకంలో ‘మామా’ అంటారు; తెలుగు బడిలో చదివే పిల్లలు దీనికి పగలబడి నవ్వుతారు. నవ్వనివ్వండి. లెక్కలు బయటపడే ఆ భాగం అపరాధ పరిశోధన కథకు ఏమాత్రం తీసిపోదు. అయినా పిల్లలు ఎక్కువగా గుర్తుంచుకునేది అక్బరీనే. అస్గరీ ఎన్నడూ తప్పు చేయదు, ఆమెకు ఏదీ తెలియకపోవడమంటూ లేదు. అలాంటి మనిషిని మెచ్చుకోగలము గాని, ఆమెతో పాటు బెంగపడలేము. నా మనుమరాలైతే ఒకనాడు, ‘అసలు తప్పంతా వాళ్ల అమ్మమ్మది కదా, అమ్మమ్మా?’ అని నా ముఖంలోకి చూసి అడిగింది. నీతి ఏమిటని నేను అడిగి ఉంటే ఈ ప్రశ్న పుట్టేది కాదు.

అదే రచయిత 1874 నాటి ‘తౌబతున్ నసూహ్’ కాస్త పెద్ద పిల్లలకు తగినది. కలరా బారినపడి కోలుకున్న నసూహ్ తన కుటుంబాన్ని సంస్కరించబూనుతాడు. కవిత్వమంటే ప్రాణమిచ్చే పెద్దకొడుకు కలీమ్ ఎదురు తిరిగి ఇల్లు విడుస్తాడు. తండ్రి అతడి పుస్తకాలను తగులబెడతాడు. రచయిత మొగ్గు తండ్రి వైపే. పదిహేనేళ్ల పాఠకులు మాత్రం తరచుగా కలీమ్ పక్షాన నిలబడి వాదిస్తారు. ఆ వాదనను మర్యాద తప్పిన మాటగా అణచకండి. నూట యాభై ఏళ్ల నాటి ఒక తండ్రీకొడుకుల తగవులో మన బిడ్డ మనసు పెట్టి నిలిచాడంటే, ఆ పుస్తకం అతడికి అందినట్లే.

ఉర్దూ లిపి రాని ఇళ్లకు ఒక ఉపాయం. ‘మిరాతుల్ ఉరూస్’ 1903లోనే ఆంగ్లంలోకి వచ్చింది; కాలేజీ పిల్లలు దానిని చదువుకోవచ్చు. చిన్నవారికి మాత్రం ఉర్దూ తెలిసిన నానమ్మో, అమ్మమ్మో రాత్రి భోజనాలయ్యాక నాలుగు పుటలు చదివి, అక్కడక్కడ తెలుగులో విప్పి చెబితే చాలు. ముందుమాటను చివరికి వదిలి, ఆ మాయలాడి అక్బరీ గుమ్మం ఎక్కే చోట మొదలుపెట్టండి. నగలు ఆమె చేతికి చేరబోయే క్షణాన పుస్తకం మూసి, మిగిలింది రేపు అనండి.