గృహవైద్యం: గాయాల మందులోని బంక

పిల్లవాడు మోకాలు చీరుకుని ఇంటికి వస్తే మనం అలమారులోంచి తీసే గోధుమరంగు మందు పేరు పోవిడోన్ అయొడిన్. ఇందులో అయొడిన్ సంగతి అందరూ ఎరిగినదే. పోవిడోన్ అంటే ఏమిటని అడిగేవారు మాత్రం తక్కువ. అది చెట్టు నుంచి కారే బంక కాదు. చిన్న అణువులను గొలుసు కొక్కేల వలె ఒకదానికొకటి తగిలించి రసాయనశాలలో తయారుచేసిన పాలిమరు. పూర్తి పేరు పాలివినైల్ పిరోలిడోన్. చూడడానికి తెల్లని పొడి. నీళ్ళలో వేస్తే కరిగి జిగురవుతుంది.

దీనిని కనిపెట్టినవాడు జర్మనీ రసాయన శాస్త్రజ్ఞుడు వాల్టర్ రెప్పే. పేటెంటు తీసుకున్నది 1939లో. రెండవ ప్రపంచ యుద్ధంలో రక్తం చాలక గాయపడిన సైనికులకు దీని ద్రావణాన్నే రక్తనాళాలలోకి ఎక్కించారు. 1950 తరువాత, జుట్టు చెదరకుండా చల్లుకునే స్ప్రేలలో లక్కకు బదులు ఇది చేరింది. లక్క నీళ్ళకు సులువుగా వదలదు. ఇది తలంటుకుంటే వదిలిపోతుంది. 1955లో అమెరికాలో షెలాన్‌స్కీ అనే శాస్త్రజ్ఞులు దీనికి అయొడిన్‌ను జతచేశారు. పాత టింక్చరు అయొడిన్ పెట్టినప్పటి మంట పెద్దలకు జ్ఞాపకమే గదా! ఈ బంక అయొడిన్‌ను పట్టి ఉంచి కొంచెం కొంచెంగా వదులుతుంది. కనుక మంట తక్కువ, పని ఎక్కువ సేపు.

మనం మింగే మాత్రలలోనూ ఇది ఉంది. మందుపొడి చెదరకుండా మాత్రగా నిలవడానికి పోవిడోన్ బంకగా పనిచేస్తుంది. దీని చెల్లెలు వంటిది క్రాస్‌పోవిడోన్. కడుపులో నీరు తగలగానే ఉబ్బి మాత్రను విడగొడుతుంది. కట్టేది అక్క, విప్పేది చెల్లెలు.

ఇంతకూ ఇది క్షేమమేనా? ఈ ప్రశ్నకు జవాబు, దానిని ఎక్కడ పెట్టారన్న దానిమీద ఉంటుంది. మింగినది ప్రేగులలో ఇంకదు, మలంతోపాటు పోతుంది. చర్మం మీద రాసినది లోపలికి దిగదు. అణువు చాలా పెద్దది. స్ప్రే పీల్చినవారి ఊపిరితిత్తులకు హాని కలిగిందని 1958లో అమెరికా వైద్యులు వ్రాశారు. తరువాతి పరిశోధనలు ఆ మాటను గట్టిగా నిలబెట్టలేదు. అయినా తలుపులు మూసిన గదిలో ఏ స్ప్రే అయినా కొట్టుకోకపోవడమే మేలు.

సూదిమందుగా ఎక్కిస్తే సంగతి వేరు. చిన్న గొలుసులను మూత్రపిండాలు వడకట్టి పంపేస్తాయి. పెద్ద గొలుసులను మాత్రం విరగగొట్టే శక్తి శరీరానికి లేదు. అవి కణాలలో ఏళ్ళ తరబడి పేరుకుంటాయి. ఈ బంక కలిసిన రక్తవృద్ధి ఇంజెక్షన్లు మళ్ళీ మళ్ళీ తీసుకున్నవారిని గురించి 1997లో తైవాన్ వైద్యులు వ్రాశారు. అది ఎముకలలోని మూలుగులోనూ, చర్మంలోనూ నిండిపోయింది. కొందరికి తీవ్రమైన రక్తహీనత వచ్చింది. రక్తం కోసం పొడిపించుకున్న సూది రక్తానికే ఎసరు పెట్టిందన్నమాట. బలానికని ఊరూపేరూ తెలియని ఇంజెక్షన్లు వేయించుకునే అలవాటు మానడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలును.

ఇక గోధుమరంగు మందు విషయంలో జాగ్రత్త బంకను గురించి కాదు, అయొడిన్‌ను గురించి. పసిబిడ్డల చర్మం, ముఖ్యంగా నెలలు నిండక పుట్టిన బిడ్డల చర్మం, అయొడిన్‌ను త్వరగా పీల్చుకుంటుంది. దానివల్ల థైరాయిడ్ గ్రంథి పని మందగించవచ్చు. కనుక బాలింతలు డాక్టరు చెప్పనిదే బిడ్డ బొడ్డుకు దీనిని పూయరాదు. థైరాయిడ్ జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు రోజుల తరబడి వాడదలచుకుంటే వైద్యుని అడగాలి. ఒళ్ళంతా కాలినప్పుడు ఇంట్లోనే ఇది పూసి కూర్చోకూడదు. చిన్న దెబ్బకైతే ముందు మంచినీళ్ళతో కడిగి, పలుచగా రాసి, ఆరనివ్వడమే పద్ధతి. రొయ్యలు పడనివారికి అయొడిన్ కూడా పడదన్న మాటలో నిజం లేదు. రొయ్యలతో వచ్చే దద్దుర్లకు కారణం వాటిలోని మాంసకృత్తులు.

అరుదుగా కొందరికి పోవిడోన్ బంకే పడదు. వేర్వేరు జబ్బులకు వేర్వేరు మాత్రలు వేసుకున్నా ప్రతిసారీ దద్దుర్లు లేచేవారు, ఆ మాత్రల అట్టలను దాచి డాక్టరుకు చూపించాలి. మనం కాపురముండే ఊళ్ళో అంగడి భాష కన్నడమైనా, తమిళమైనా, ఒడియా అయినా, మరాఠీ అయినా ఈ మందు పేరు పోవిడోనే. ఇంట్లో చదువుకునే పిల్లలచేత సీసా మీది పేరు, శాతం, గడువు తేదీ ఒకసారి చదివించి వినండి.