జేబులో పొగ

మొన్న మా అమ్మ ఎనభయ్యో పుట్టినరోజుకి డల్లాస్ నుంచి మా అక్క కొడుకు వచ్చాడు. దేవనహళ్ళిలో విమానం దిగి మల్లేశ్వరం చేరి పెట్టె విప్పగానే, చాక్లెట్ల మధ్య నుంచి పెన్నులాంటి వస్తువొకటి జారిపడింది. "పెన్ను బాగుందిరా!" అంది అమ్మ. వాడి మొహం వాడిపోయింది.

అది ఎలక్ట్రానిక్ సిగరెట్. లోపలి ద్రవాన్ని బ్యాటరీ వేడిచేస్తే, నికోటిన్ కలిసిన ఆవిరి వస్తుంది.

"అక్కడ కొట్లోనే అమ్ముతారు మావయ్యా" అన్నాడు. అక్కడి సంగతి సరే, కర్ణాటక దీన్ని 2016లోనే నిషేధించింది. 2019లో దేశమంతటికీ చట్టం వచ్చింది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం అన్నీ నేరమే. విడిభాగాలు తెచ్చినా అంతే. మొదటిసారికి ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూనూ!

పైగా వాడు దాన్ని పెద్ద పెట్టెలో పెట్టాడు. విమానం అడుగున సామాన్ల మధ్య లిథియం బ్యాటరీ అంటుకుంటే చూసేదెవరు? అందుకే 2015 నుంచి అంతర్జాతీయ నిబంధనల ప్రకారం అలా పెట్టకూడదు. అనుమతి ఉన్న దేశాల మధ్య చేతిసంచీలోనే ఉండాలి, విమానంలో ఛార్జి చేయకూడదు. మన దేశానికి వచ్చేటప్పుడు మాత్రం చేతిసంచీలోనూ వద్దు. సింగపూర్‌లోనైతే 2018 నుంచి దగ్గర ఉంచుకోవడమే నేరం.

అంతా విని వాడు మెల్లగా అన్నాడు: "సిగరెట్లు మానాలనే ఇది పట్టుకున్నాను మావయ్యా. మీ వీధి చివర సిగరెట్లు దొరుకుతూనే ఉన్నాయిగా. మళ్ళీ అవే కాల్చమంటావా?"

నా దగ్గర జవాబు లేదు. పాతికేళ్ళు పొగతాగి మానినవాణ్ణి, తిట్టే అర్హత నాకెక్కడిది? పొగాకు మానాలనుకునేవారికి ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ 1800-11-2356 ఉందనీ, మన ఊళ్ళోనే నిమ్హాన్స్‌లో వ్యసనాలకు చికిత్స చేసే విభాగం ఉందనీ మాత్రం చెప్పాను. ఫోన్ చేశాడు. ఆ రాత్రి వాళ్ళమ్మకి కూడా తనే చెప్పుకున్నాడు. అక్క కోప్పడలేదు. "విమానాశ్రయంలో పట్టుకున్నాక తెలిస్తే ఏమయ్యేదాన్నిరా!" అని మాత్రం కళ్ళు తుడుచుకుంది.

సెలవులకి పిల్లలు బయల్దేరేటప్పుడు పాస్‌పోర్టు పెట్టుకున్నావా అని మనం పదిసార్లు అడుగుతాం. ఈసారి ఈ సంగతీ ఒక్కమాట అడగండి. కోపంగా కాదు, వాళ్ళు నిజం చెప్పగలిగేలా అడగండి.