రెండో బండికి బోనసు: ఒక రసీదుపై రెండు తాకట్లు కుదరవు

సీజను బాగా సాగిన ఏడాది వ్యాపారస్థుల వాకిట రెండో బండి వచ్చి నిలవడం మామూలే. బండి ధర దగ్గర వెయ్యి రూపాయలకు సైతం పట్టుబట్టి బేరమాడే వర్తకుడు, బీమా కాగితం వద్దకు వచ్చేసరికి ఏజెంటు చూపిన చోట సంతకం పెట్టి ఊరుకుంటాడు. మొదటి బండిపై ఐదేళ్లుగా క్లెయిము లేదు గనుక ఆ తగ్గింపు రెండో బండికీ వర్తిస్తుందని కొందరు నమ్ముతారు. వర్తించదని తెలిసీ ఫారంలో రాయించేవారు మరికొందరు. ఈ ఉభయులకూ చివరకు మిగిలేది నష్టమే.

'నో క్లెయిమ్ బోనస్' మెట్లను 2002 నాటి మోటారు టారిఫ్ నిర్దేశించింది. క్లెయిము లేని మొదటి ఏడాదికి 20 శాతం, వరుసగా రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50 శాతం. నేటికీ ఇవే మెట్లు నడుస్తున్నాయి. అయితే ఈ తగ్గింపు సొంత బండికి కలిగే నష్టం నిమిత్తం చెల్లించే ఓన్ డ్యామేజి ప్రీమియంపై మాత్రమే. మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ ప్రీమియంలో దీనివల్ల ఒక్క పైసా తగ్గదు.

బోనసు యజమానిదే గాని బండిది కాదని ఆ నిబంధనలే చెబుతున్నాయి. అలాంటప్పుడు అదే యజమాని కొన్న రెండో బండికి ఎందుకివ్వరని వర్తకులు అడగడం సహజం. జవాబు మార్కెట్టులోనే ఉన్నది. శీతల గిడ్డంగిలో సరుకు ఒకరిదే కావచ్చు. అంతమాత్రాన ఒకే రసీదును రెండు బ్యాంకుల్లో తాకట్టు పెట్టనివ్వరు. ఐదేళ్ల మంచి రికార్డు ఒక బండి నడిచిన రికార్డు. రెండు బండ్లు ఒకేసారి రోడ్డెక్కితే రిస్కు రెట్టింపవుతుంది. ఒక రికార్డు రెండింటికీ హామీ పడజాలదు. నిబంధన కఠినంగా తోచినా అన్యాయమైనది కాదు.

కాని ఆ ఒక్క రసీదును ఎక్కడ వాడుకోవాలన్నది వర్తకుని చేతిలోనే ఉన్నది. ఉదాహరణకు పాత కారు ఓన్ డ్యామేజి ప్రీమియం 6,000 రూపాయలు, కొత్త కారుది 20,000 రూపాయలు అనుకుందాం. 50 శాతం బోనసు పాత కారుపై మిగిల్చేది 3,000. కొత్త కారుపై మిగిల్చేది 10,000. పాత కారు ఎలాగూ అమ్మదలచినవారు కొత్త కారుకు పాలసీ తీసుకునేలోపే అమ్మకం పూర్తి చేసుకొని, బోనసును కొత్తదానికి మార్పించుకోవడం లాభసాటి. రెండింటినీ అట్టిపెట్టుకునేవారికి ఆ వీలు లేదు. వారి రెండో బండి సున్నా నుంచి మొదలు కావలసిందే.

ఇందులో మెలికలు లేకపోలేదు. మొదటిది, రెండు బండ్లూ ఒకే తరగతికి చెందాలి. కారుపై సంపాదించిన బోనసు సరుకు బండికి చెల్లదు. రెండవది, పేరు. పాత కారు సొంత పేరిట ఉండి కొత్తది ఫర్ము పేరిట కొంటే బీమాదారు మారినట్లే. బోనసు వెంట రాదు. తరుగుదల లెక్క కోసం ఫర్ము పేరిట కొనేవారు ఈ నష్టాన్ని కూడా చిఠ్ఠాలో వేసి చూసుకోవాలి. మూడవది, కాగితం. బండి అమ్మినప్పుడు కంపెనీ నుంచి బోనసు ధ్రువీకరణ లేఖ తీసుకోవాలి. వెంటనే వేరే బండి కొనకపోయినా మూడేళ్లలోగా దానిని వాడుకోవచ్చు. పాత బండి కొన్నవారికి మాత్రం ఈ బోనసు దక్కదు. కుమారుని పేరిట మార్చినా అంతే. యజమాని మరణించి బండి భార్యకో, పిల్లలకో, తల్లిదండ్రులకో వచ్చినప్పుడే మినహాయింపు. ఇక అదే బండిని నడుపుకుంటూ పాలసీ గడువు ముగిసి 90 రోజులు దాటనిస్తే ఐదేళ్ల బోనసు కాస్తా ఖాతా నుంచి కొట్టివేసినట్లే.

లేని బోనసును రాయించడం మరీ ప్రమాదకరం. ఫారంలో ఇచ్చే వాంగ్మూలం తప్పని తేలితే ఓన్ డ్యామేజి కింద రావలసిన సొమ్ముకే ఎసరు వస్తుంది. ప్రీమియం పుచ్చుకునేనాడు ఎవరూ అడగకపోవచ్చు. బండి నుజ్జయిన నాడు పాత కంపెనీ రికార్డు తప్పక బయటికి వస్తుంది. పది వేలు ఆదా చేయబోయి పది లక్షల బండిని పణంగా పెట్టడం వ్యాపారం అనిపించుకోదు. చేతిమాట మీద లక్షల సరుకు చేతులు మారే బజారులో ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

చిన్న క్లెయిముల విషయంలోనూ లెక్క చూసుకోవడం లేదు. 20,000 రూపాయల ప్రీమియంపై 50 శాతం బోనసు ఉన్న యజమాని 8,000 రూపాయల మరమ్మతుకు క్లెయిము పెట్టాడనుకుందాం. ప్రీమియం మూలధర మారదనుకుంటే మరుసటి ఏడాది 10,000, ఆపై వరుసగా 6,000, 5,000, 3,000, 1,000 చొప్పున అదనంగా చెల్లించాలి. మొత్తం 25,000 రూపాయలు. ఎనిమిది వేలు జమ, పాతిక వేలు ఖర్చు. బోనసు పోకుండా కాపాడే అదనపు కవరు దొరుకుతుంది గాని, దానికీ ప్రీమియం ఉన్నది.

కంపెనీలు చేయవలసింది కూడా లేకపోలేదు. 2007 జనవరి 1 నుంచి ఓన్ డ్యామేజి ధరలపై టారిఫ్ కట్టుబాటు తొలగింది. బ్రిటన్‌లోనూ ఒక బోనసు ఒక బండికే ఇవ్వడం ఆనవాయితీ. అయినా మొదటి కారు రికార్డు చూసి రెండో కారుకు కొంత తగ్గించే కంపెనీలు అక్కడ ఉన్నాయి. మన దేశంలో 2022 జూలైలో నియంత్రణ సంస్థ ఒకే వ్యక్తి పేరిట ఉన్న కార్లకు, ద్విచక్ర వాహనాలకు కలిపి ఫ్లోటర్ పాలసీ ఇవ్వడానికి అనుమతించింది. సరుకు బండ్లను ఆ అనుమతిలో చేర్చలేదు. యార్డులకు, మిల్లులకు సరుకు మోసే రెండు మూడు బండ్ల చిన్న యజమానికే ఇటువంటి సదుపాయం అధికంగా అవసరం. బోనసును రెండింతలు చేయమనడం సమంజసం కాదు. మంచి రికార్డుకు ప్రారంభ ధరలో కొంత విలువ కట్టమనడం ముమ్మాటికీ సమంజసం. వర్తక సంఘాలు కంపెనీలతో ఈ మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది.

అంతవరకు మార్గం ఒక్కటే. కొత్త బండికి అడ్వాన్సు ఇచ్చే ముందే పాత పాలసీ తీసి పేరు, తరగతి, గడువు, బోనసు శాతం నాలుగూ చూసుకోవాలి. బండి షోరూము దాటి పాలసీ చేతికి వచ్చిన తరువాత వేసే లెక్క, మార్కెట్టు ముగిశాక చెప్పిన ధర వంటిదే.